అరగంట జాడీ

నవంబర్ 6, గురువారం

జాడీలో మడ్డి దిగలేదు.

ఉదయం ఏడింటికి గాలి కొట్టే మురుగు తొట్టెలోంచి లీటరు నీళ్ళు తీసి గాజు జాడీలో పోసి పెట్టాను. రోజూ చేసే పనే. అరగంటలో గోధుమరంగు మడ్డి కిందికి దిగి మూడు వందల గీత దగ్గర ఆగాలి. పైన తేట నిలవాలి. ఇవాళ అరగంట చూశాను, గంట చూశాను. అడుగు నుంచి అంచు దాకా బియ్యం కడిగిన నీళ్ళలాగే ఉంది. గీత లేదు.

లాగ్‌బుక్కులో గడి ఉంది. అంకె రాయాలి. అంకె లేదు కాబట్టి ఖాళీ వదిలాను. మురుగునీళ్ళు శుద్ధి చేసే ఈ ప్లాంటు మొదలైన ఏడేళ్ళలో ఇది మొదటి ఖాళీ. స్టీల్ ప్లాంటులో పంపుల దగ్గర కాంట్రాక్టు పని చేసిన రోజుల్లో కూడా రీడింగు తప్పలేదు. లాగ్‌బుక్కులో కారణం గడి తప్ప మాటలు రాయడానికి చోటు లేదు, కారణం ఇంకా తెలియదు. అందుకని ఈ పాత నోటుబుక్కు తీశాను.

ముక్కు మండేంత ఘాటు వాసన. హోటల్ వాళ్ళ గిన్నెల సబ్బు అయి ఉంటుంది.

నవంబర్ 7, శుక్రవారం

తొట్టె మీద తెల్ల నురగ. ఆక్సిజన్ మీటరు ఆరు చూపించింది. ఎప్పుడూ రెండు దాటదు.

నరేష్‌కి ఫోన్ చేశాను. కాంట్రాక్టరు తరఫు సూపర్‌వైజరు. ద్వారకా నగర్ ఆఫీసులో ఏసీలో కూర్చుని నాలుగు ప్లాంట్లు చూస్తాడు.

"ఆరొచ్చిందా? సూపర్ కదా మూర్తి గారూ! ఆక్సిజన్ ఎక్కువుంటే మంచిదే కదా. ఫొటో తీసి గ్రూపులో పెట్టండి."

తినేవాళ్ళు పోయిన ఇంట్లో అన్నం మిగులుతుంది. అది కలిమి కాదు. ఆ తొట్టెలో కంటికి కనిపించని కోట్ల పురుగులు ఊరి మురికిని తింటూ గాలి పీలుస్తుంటాయి. పీల్చేవి లేకపోతే గాలి మిగిలిపోతుంది. ఇదంతా నరేష్‌కి చెప్పలేదు. "సరే" అన్నాను. ఫొటో పెట్టాను. ఎవరో బొటనవేలు పెట్టారు.

మా ఆవిడ దేముడమ్మ చేతులు పొక్కాయి. వేళ్ళ సందుల్లో తోలు లేచిపోయింది. పంచాయతీ వాళ్ళు పారిశుధ్యం పనికి గ్లౌజులు ఇస్తామని ఏడాదిగా చెబుతున్నారు. కొబ్బరినూనె రాసుకోమన్నాను.

నవంబర్ 8, శనివారం

జాడీ: గీత లేదు.

ఇరవయ్యో తేదీన కాలుష్యం చూసే అధికారులు వచ్చి, ఊరి పక్క వాగులోకి, అంటే గెడ్డలోకి, వదిలే నీళ్ళ నమూనా పట్టుకెళతారు. ఇంకా పన్నెండు రోజులు. మొన్న సోమవారం పంచాయతీ సభలో సర్పంచ్ భీమశంకరరావు గారు అన్న మాట చెవిలో తిరుగుతోంది. "ఆ రోజు వాసన వచ్చినా, నమూనా తప్పినా ఈ ప్లాంటు మనకొద్దు. గేటు ఎత్తేద్దాం."

గేటు అంటే ప్లాంటు ముందర కాలవకున్న ఇనప తలుపు. అది ఎత్తితే మూడు ఊళ్ళ మురుగు, కొత్త లేఅవుటు మురుగు తొట్టెల్లోకి రాకుండా తిన్నగా గెడ్డలోకి పోతుంది. గెడ్డ ఏట్లోకి, ఏరు సముద్రంలోకి. ఏడేళ్ళ కిందట అలాగే ఉండేది. దిగువ ఊరి పిల్లలు కాళ్ళకి పుళ్ళతో తిరిగేవారు.

సభలో అందరూ తలలూపారు. నేను చివర నిలబడి ఉన్నాను. ఏమీ అనలేదు. ఏమనాలి?

నవంబర్ 9, ఆదివారం

కాలవ వెంట రెండు కిలోమీటర్లు నడిచాను. మూతలు ఎత్తి చూశాను. పూలమార్కెట్‌కి బంతిపూలు పంపే తోటల వాళ్ళు మందు డబ్బాలు కడుగుతారేమో అనుకున్నాను. లేదు. లేఅవుటు వాళ్ళ మూత దగ్గర పిల్లల డైపర్లు, ఎప్పటిలాగే. దేవీప్రసాద్ బిర్యానీ హోటల్ మూత కింద నూనె జిడ్డు, నురగ.

ఉంది. నురగ ఉంది.

నవంబర్ 10, సోమవారం

హోటల్ కాలవ మా లైనులో కలిసే చోట ఆరు ఇసక బస్తాలు వేసి కట్టేశాను. నరేష్ ఫోన్లో "చాలా మంచి పని" అన్నాడు. అతను మెచ్చుకుంటే ఎందుకో అనుమానం వస్తుంది.

పది గంటలకల్లా దేవీప్రసాద్ బండి మీద వచ్చాడు. వరసకు బావ అవుతాడు. పెరటంతా నీళ్ళు నిలిచాయని ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఉన్నాడు.

"ఏటి బావా, నా కాలవకి కట్ట కట్టేసినావంట?"

"సబ్బు నీలొత్తన్నాయి."

"సబ్బేటి, నా మొకం! కార్తీకమాసం గదేటి? సికెన్ బిర్యానీ ఎవుడు తింతన్నాడు? ఊరంతా ఉల్లిపాయ కూడా ముట్టకుండా శివుడి కాడ కూకున్నాది. నాలుగు గిన్నెల కూర, రెండు గిన్నెల సాంబారు. దానికి ఎంత సబ్బు పడతాది? నీ తొట్టె సంపడానికి సరిపోతాదేటి?"

నేను జారిన బస్తాని కాలితో సరిచేశాను.

"మాటాడు బావా! గోడతో మాటాడితే గోడైనా తిరిగి మోగుతాది."

తెలివిగా మాట్లాడాడు. హోటలు నడిపేవాళ్ళకి మాట వస్తుంది. కార్తీకమాసం సంగతి నాకూ తెలుసు, మా ఇంట్లో కూడా నీసు లేదు. అయినా సబ్బు సబ్బే. బస్తాలు తియ్యలేదు.

నవంబర్ 11, మంగళవారం

పోతమ్మ వచ్చింది. మొగ దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, వాళ్ళ వాళ్ళు వల వేస్తారు. ఆమె తట్ట నెత్తిన పెట్టుకుని మా వైపు ఊళ్ళలో అమ్ముతుంది. ఇవాళ తట్ట లేదు.

"మీ ఇంట్లో కార్తీకమని ఎరికే. సేపలమ్మడానికి రానేదు. తిట్టడానికొచ్చినాను."

అరుగు మీద కూర్చుని నిజంగానే తిట్టింది. మొగ దగ్గర నీళ్ళు నురగెత్తాయట. వల జారుజారుగా వస్తోందట. సన్న చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయట.

"ఏడేళ్ళబట్టి ఏట్లోకి రొయ్యి తిరిగొచ్చినాది. అదంతా ఆ మూర్తిబాబు సలవేనని మా వోలందరికీ నానే సెప్పినాను. ఇప్పుడు నా మొకం ఎక్కడెట్టుకోవాలి? ఏటి ఒదిలినావు బాబూ నీళ్ళలోకి?"

నేనేమీ వదల్లేదు. ఆ మాట చెప్పవచ్చు. కానీ వదలకుండా ఆపడమే నా పని కదా. అందుకని చెప్పలేదు.

దేముడమ్మ మజ్జిగ గ్లాసు ఆమె చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. పోతమ్మ వస్తే గంట కబుర్లాడే మనిషి. చేతులు నొప్పిగా ఉన్నాయేమో.

నవంబర్ 12, బుధవారం

జాడీ: గీత లేదు.

నవంబర్ 13, గురువారం

ప్లాంట్లు చూసే ప్రభుత్వ ఇంజనీరు నీలిమ గారు వచ్చారు. మా అమ్మాయి వయసు ఉంటుంది. బూట్లు బురదవుతాయని చూసుకోకుండా తొట్టె అంచుకి వచ్చి మడ్డి చేతిలోకి తీసుకుని వాసన చూశారు. అలా వాసన చూసిన ఇంజనీరు ఆవిడొక్కరే.

"చచ్చిపోయింది మూర్తి గారూ. ఏదో విషం పడింది. బ్లీచింగ్ ఏమైనా వేశారా?"

"లేదండి. నా ప్లాంటులో బ్లీచింగ్ బస్తా ఉండదండి."

నిజమే చెప్పాను. అయినా ఆవిడ అడిగిన తీరు నాకు నచ్చలేదు. ఏడేళ్ళు పెంచినవాణ్ణి, నేనే విషం పెడతానా?

సిటీలో పెద్ద ప్లాంటు నుంచి బతికున్న మడ్డి తెచ్చి కలిపితే, పాలల్లో తోడు వేసినట్టు, మళ్ళీ పెరుగుతుందని చెప్పారు. ట్యాంకరు కోసం లెటర్ పెడతానన్నారు. "రిపోర్టులో కారణం రాసి పంపండి. కారణం లేకపోతే పైవాళ్ళు మిమ్మల్నే అంటారు."

ఆవిడ కారెక్కాక, ఆవిడ కోసం ఆఫీసు నుంచి వచ్చిన నరేష్ నా భుజం మీద చెయ్యేశాడు. "హోటల్ అని రాసేయండి. సర్పంచ్ గారు కూడా శనివారం సీల్ వేయిస్తామంటున్నారు. అందరికీ క్లియర్‌గా ఉంటుంది."

లాగ్‌బుక్కు కారణం గడిలో పెన్సిల్‌తో "హోటలు" అని రాశాను. పెన్సిలే కదా.

నవంబర్ 14, శుక్రవారం

ఇది రాయాలో వద్దో తెలియడం లేదు. ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

మధ్యాహ్నం అన్నం దగ్గర నా నోటంట ఒక మాట వచ్చింది. "రేపు దేవీప్రసాద్ వంటింటికి సీలు ఏత్తారంట."

దేముడమ్మ చారు పోస్తోంది. గరిటె గిన్నెలోనే వదిలేసింది.

"ఏల?"

"తొట్లో మడ్డి సచ్చిపోనాది. ఆడి సబ్బు నీలకే."

"మడ్డి సచ్చిపోడమేటి?"

నేను తింటున్నాను.

"నిన్నే మావా. మడ్డి సచ్చిపోతాదేటి?"

"దానికి పేనముంటాది. పురుగులు. కంటికి కనపడవు. ఊరి మురికంతా అయే తింతాయి."

తన చేతులు ఇటూ అటూ తిప్పి చూసుకుంది. తరువాత అంది, "ఆడు కాదు మావా. నానే."

పౌర్ణమి రోజు. నేను సముద్రస్నానానికి భీమిలి వెళ్ళాను. ఆమెకి డ్యూటీ. ఆపీసర్లు వస్తున్నారని ఊళ్ళో కాలవలన్నిటికీ బ్లీచింగ్ చల్లమని పంచాయతీ హుకుం. పెద్దవాళ్ళెవరు వస్తున్నా ఇక్కడ ముందు జరిగేది అదే. రోడ్డు పక్కన తెల్లగా ముగ్గు పోసినట్టు పోస్తారు, ఊరు బాగుపడినట్టు. చల్లగా రెండు బస్తాలు మిగిలాయి. ప్లాంటు తాళంచెవి మా ఇంటి మేకుకే ఉంటుంది.

"సభలో ఆ బాబు ఏటన్నారు? గబ్బు కొడితే గేటెత్తేత్తాం అన్నారు. నువ్వు కిక్కురుమన్నావా? నాకు బయమేసినాది. ఈ పనీ పోతే మా మావ మళ్ళా గాజువాక ఎల్లి ఆ పంపుల కాడ పడుంతాడు, నెలకోపాలి మొకం సూపిత్తాడు అనుకున్నాను. కాలవల్లో ఏత్తే గబ్బు పోతాది, తొట్లో ఏత్తే పోదేటి అనుకున్నాను. రెండు మూటలూ గాలి కొట్టీకాడ పోసేసినాను. సేతులు బొబ్బలెక్కిపోనాయి. నీకు సెప్పనేదు. గబ్బు పోతే నువ్వే సంబరపడతావనుకున్నాను."

"నన్నడగొచ్చు గదే."

"ఏటడగాలి? ఏడేళ్ళబట్టి పొద్దున్నే ఆ జాడీ ముందర కూకుంతావు. ఏటి సూత్తన్నావు మావా అంతే, ఏటీ నేదు అంతావు. ఏటీ నేనిదానికి పేనముంటాదని నాకెలగ తెలుత్తాది?"

అన్నం సగంలో లేచాను. కోపం వచ్చింది. ఎవరి మీదో ఇక్కడ కూడా రాయలేను.

ఆమెది కాంట్రాక్టు పని. పేరు బయటికి వస్తే మర్నాడే తీసేస్తారు. పేరు చెప్పకపోతే దేవీప్రసాద్ పొయ్యి ఆరుతుంది.

నవంబర్ 15, శనివారం

పెన్సిల్ మాట చెరిపాను. గట్టిగా రుద్దానేమో, కాగితం చిరిగింది.

సర్పంచ్ గారింటికి వెళ్ళి "హోటల్ కాదండి" అన్నాను. "మరెవరు?" అన్నారు. "రిపోర్టులో రాస్తానండి" అన్నాను. సీలు ఆగింది. నా మీద నమ్మకంతో కాదు, సీలు వేసే గుమస్తా సెలవులో ఉన్నాడు.

నవంబర్ 16, ఆదివారం

ఇసక బస్తాలు నేనే తీశాను. తడిసి ఒక్కొక్కటి రెండు మూటల బరువయ్యాయి. దేవీప్రసాద్ గట్టు మీద కూర్చుని టీ తాగుతూ చూశాడు. ఒక చెయ్యి కూడా వెయ్యలేదు. వెయ్యకపోవడమే న్యాయం.

"తప్పయిపోనాది బావా," అన్నాను.

"మళ్ళా అను. ఇనపడనేదు."

అన్నాను.

"మరెవులు ఏసినారు?"

"నీ హోటలు కాదు."

"అది నాకెరికే! ఎవులు అని."

నేను ఆరో బస్తా లాగాను. అతను నా ముఖం చూశాడు, ఎక్కువసేపు చూశాడు. తరువాత టీ గ్లాసు కడిగి బోర్లించాడు.

"పోనీలే. సెప్పీవోడి కంటే సెప్పనోడి కడుపులో ఏటున్నాదో బేగి తెలిసిపోతాది. ట్యాంకరెప్పుడొత్తాది?"

ట్యాంకరు రాదని చెప్పాను. నీలిమ గారు ఉదయమే ఫోన్ చేశారు. లెటర్ ఒక టేబుల్ మీద నుంచి ఇంకో టేబుల్ మీదికి వెళ్ళింది. ట్యాంకర్లన్నీ నెలాఖరు దాకా ఏదో సభా మైదానం తడపడానికి కేటాయించారు. దుమ్ము లేవకూడదు కదా.

"నా టాటా ఏస్ ఉంది. దాని మీద వెయ్యి లీటర్ల సింటెక్సు. పెళ్ళిళ్ళకి నీలు తోలీది. కార్తీకంలో ముహూర్తాలకి తోలినాను గానీ ఈ రెండ్రోజులు కాళీ. సాలతాదేటి?"

చాలదు. అయిదు సార్లు తిరగాలి. అదే చెప్పాను.

"తిరుగుదాం. పాపిష్టి మడ్డి తెచ్చినాక ఆ ట్యాంకుతో పెళ్ళి నీలు మాత్తరం తోలను. కొత్తది కొనిపించు ఎవులి సేతైనా."

నవంబర్ 17, సోమవారం

మూడు ట్రిప్పులు.

పెద్ద ప్లాంటు వాళ్ళు నీలిమ గారి మాట మీద ఇచ్చారు. చిక్కటి మడ్డి, తడి మట్టి వాసన. ఆ వాసన పీల్చి పన్నెండు రోజులైంది. తొట్టెలో ఉన్నంతసేపు దానికి గాలి అందుతుంది. సింటెక్సులో పోసి మూత పెట్టిన క్షణం నుంచి ఊపిరాడదు. రెండు మూడు గంటల్లో చేర్చాలి.

రెండో ట్రిప్పు హనుమంతవాక సిగ్నల్ దగ్గర ఆగిపోయింది. ముందు ఒక బస్సు చెడిపోయింది. పావుగంట. అరగంట. నేను దిగి వెనక ట్యాంకు మూత తీసి, వెదురుకర్రతో కలుపుతూ నిలబడ్డాను. పక్క ఆటోలో వాళ్ళు ముక్కులు మూసుకున్నారు. ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చాడు.

"ఏటయ్యా అది?"

"మడ్డండి."

"రోడ్డు మీద మూత తీసి ఏటి సేత్తన్నావు?"

నేను కర్రతో కలపడం ఆపలేదు. దేవీప్రసాద్ కిటికీలోంచి తల పెట్టి అరిచాడు. "ఊపిరాడక సచ్చిపోతన్నాయి సార్! పేషెంట్లు! బేగి ఒదలండి!"

కానిస్టేబుల్ ట్యాంకులోకి తొంగి చూసి, రెండడుగులు వెనక్కి వేసి, మా బండికి దారి ఇప్పించాడు. అంబులెన్సుకి కూడా అంత తొందరగా ఇవ్వడు.

మధురవాడ దాటేదాకా దేవీప్రసాద్ నవ్వుతూనే ఉన్నాడు. నాకు నవ్వు రాలేదు. రాలేదని రాస్తున్నాను గాని, కొమ్మాది దగ్గర కొంచెం వచ్చింది.

నవంబర్ 18, మంగళవారం

రెండు ట్రిప్పులు. జాడీ: నలభై. గీత వంకరగా ఉంది, అయినా గీతే.

నవంబర్ 19, బుధవారం

నరేష్ ఇరవై లీటర్ల టిన్ను తెచ్చాడు. బోరు నీళ్ళు.

"రేపు వాళ్ళు బాటిల్ మీకే ఇచ్చి పట్టమంటారు. ఇందులోంచి పట్టండి. సగం సగం కలపండి, మరీ తేటగా ఉంటే డౌటొస్తుంది."

"ఇది గెడ్డలోకి పోయే నీలు కాదు కదా."

"మూర్తి గారూ, నమూనా పాసైతే ప్లాంటుంటుంది. ప్లాంటుంటేనే కదా మీ గెడ్డ, మీ చేపలు. అబద్ధం ఒక్క రోజు. తరువాత మీ ఇష్టం వచ్చినంత నిజం."

టిన్ను గోడ పక్కన పెట్టాను. అతను చెప్పింది సరైందని కాదు. కానీ రోజంతా దానికి ఎదురుమాట వెతుకుతూనే ఉన్నాను.

నవంబర్ 20, గురువారం

అధికారులు పదకొండింటికి వచ్చారు. రోడ్డు పక్కన తెల్లగా ముగ్గు పోసినట్టు బ్లీచింగ్. ప్లాంటు వాకిలి ముందు మాత్రం లేదు. దేముడమ్మ అక్కడ చల్లలేదు.

బాటిల్ నా చేతికే ఇచ్చారు, నరేష్ చెప్పినట్టే. నరేష్ టిన్ను వైపు కళ్ళతో చూపించాడు. నేను బయటికి పోయే కాలవ దగ్గర వంగి, పాలిపోయిన ఆ నీళ్ళే నింపి మూత బిగించాను. బోరు నీళ్ళు గన్నేరు మొక్కకు పోశాను.

ఫలితానికి అయిదు రోజులు. నీళ్ళలో ఎంత మురికి మిగిలిందో తెలియాలంటే పురుగులు ఎంత గాలి పీల్చాయో అయిదు రోజులు కాచుకుని చూడాలి. లేబొరేటరీ వాళ్ళు కూడా పురుగుల్నే అడగాలి.

నవంబర్ 22, శనివారం

జాడీ: తొంభై. కారణం గడి ఖాళీగా ఉంది.

నవంబర్ 25, మంగళవారం

తప్పింది. మురికి లెక్క ముప్పై దాటకూడదు, డెబ్బై నాలుగు వచ్చింది. నరేష్ ఫోన్ చేసి ఒక్క మాట కూడా తిట్టలేదు. అదే ఎక్కువ.

రేపు సభ.

నవంబర్ 26, బుధవారం

పంచాయతీ ఆఫీసు నిండిపోయింది. పోతమ్మ వాళ్ళ ఊరి నుంచి కూడా పది మంది వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. భీమశంకరరావు గారు కాగితం చదివి, "మనం అవకాశం ఇచ్చాం. అవలేదు. గేటు ఎత్తే తీర్మానం చేద్దాం. దానికి ముందు మూర్తి కారణం చెప్పాలి," అన్నారు.

నేను రెండు జాడీలు పట్టుకెళ్ళాను. ఒకదాంట్లో గేటు దగ్గర పట్టిన పచ్చి మురుగు. రెండోదాంట్లో తొట్టెలో నీళ్ళు, మడ్డి నూట ఇరవైకి దిగి, పైన మసక తేట. రెండూ బల్ల మీద పెట్టాను. ముందు వరసలో వాళ్ళు కుర్చీలు వెనక్కి జరిపారు.

"గేటెత్తితే గెడ్డలోకి ఇది పోతాదండి," అని మొదటిది చూపించాను. "రెండోదాంట్లో మడ్డి పెరగతన్నాదండి. పది రోజులు ఒగ్గితే బాగవుతాది." జాడీలు రెండూ పక్కకి జరిపాను. "కారణం బ్లీచింగండి. నాకు తెలీకుండా నా తొట్లో పడినాది. తెలీకుండా ఉండడం నా తప్పే. ఎవులికీ సెప్పనేదు, దానికి పేనముంటాదని. అదే రాసుకోండి."

"ఎవరు వేశారయ్యా?"

"నా తప్పని రాసుకోండి."

"మా మావకి అబద్దం రాదు బాబూ, అరకొరగా ఆడతన్నాడు." వెనక నుంచి. దేముడమ్మ. యూనిఫాం కోటుతోనే ఉంది, చేతులు ముందుకు చాచింది, వేళ్ళ మీద ఇంకా ఎర్రటి మచ్చలు. "నానే ఏసినాను. తెలీక ఏసినాను. రెండు మూటలు. మీరు కదేటి, ఆపీసరొచ్చినపుడల్లా మూటలిచ్చి గబ్బు రాకుండా సూడు దేముడమ్మా అంతారు? ఊరి కాలవల్లో చల్లింది ఎక్కడికి పోతాదనుకున్నారు? ఆ తొట్లోకే కదా. నాను రెండు మూటలు ఒక్కపాలి పోసినాను. మీరు కొంచెం కొంచెంగా ఏడేళ్ళబట్టి పోయిత్తన్నారు. తీసెయ్యాలంటే తీసెయ్యండి. ముందు ఆ మూటలు తీసెయ్యండి."

అప్పుడు పోతమ్మ గుమ్మంలోంచి, "అమ్మా! మజ్జిగిచ్చిన సేతేటే అది!" అంది. కొందరు నవ్వారు. దేవీప్రసాద్ గట్టిగా నవ్వి, నా వైపు చూసి, ఆపేశాడు.

భీమశంకరరావు గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. మూటలు ఇప్పించిన సంతకం ఆయనదే. చివరికి, మూడో తేదీన మళ్ళీ నమూనా పట్టిస్తామని, అది కూడా తప్పితే గేటు ఎత్తుతామని రాయించారు. దేముడమ్మ సంగతి ఏమీ రాయించలేదు. మరిచిపోయారో, మరిచిపోయినట్టు ఉన్నారో.

ఇంటికి వస్తూ ఆమె ముందు నడిచింది, నేను వెనక. నాకు కోపంగానే ఉంది. నేను దాచిన మాట నలుగురిలో పెట్టింది. నేను ఏడేళ్ళు చెప్పలేని మాట ఒక్క ఊపిరిలో చెప్పింది. రెండింటిలో దేనికి కోపమో తేల్చుకోలేకపోయాను.

నవంబర్ 27, గురువారం

లాగ్‌బుక్కు, కారణం గడి: "బ్లీచింగ్ పౌడరు, యాభై కిలోలు. ఆపరేటరు చెప్పవలసింది చెప్పలేదు." పెన్నుతో రాశాను.

నవంబర్ 30, ఆదివారం

నూట డెబ్బై. నిన్న రెండు గంటలు కరెంటు లేదు. జనరేటరుకి డీజిల్ లేదు. నరేష్ ఫోన్ ఎత్తలేదు. గేదెలకి మేత పెట్టకుండా పాలడిగేవాళ్ళతో నా పని.

డిసెంబర్ 3, బుధవారం

నమూనా పట్టుకెళ్ళారు. జాడీ: రెండు వందల ముప్పై.

డిసెంబర్ 8, సోమవారం

నీలిమ గారు ఫోన్ చేశారు. ఇరవై ఎనిమిది. రెండు పాయింట్లలో బయటపడ్డాం.

"కంగ్రాట్స్ మూర్తి గారూ. మీ లాగ్‌లో కారణం చదివాను. అలా ఎవరూ రాయరు."

"గడి ఉందండి. రాశాను," అన్నాను.

మధ్యాహ్నం పంచాయతీ నుంచి చీటీ వచ్చింది. పదిహేనో తేదీన ఇంకెవరో పెద్దాయన వస్తున్నారు, ఊరంతా శుభ్రంగా ఉంచాలి. చివర, "బ్లీచింగ్ యథావిధిగా." చీటీ తెచ్చిన గుమస్తా ముఖం చూడలేకపోయాను. చీటీ పట్టుకుని తిన్నగా భీమశంకరరావు గారింటికి వెళ్ళాను. అరుగు మీద నిలబడి మాట్లాడాను. ఎంతసేపో తెలియదు. ఆయన చివరికి "సర్లేవయ్యా, కొట్టేస్తాను," అని ఆ ముక్క కొట్టేసి పక్కన సంతకం పెట్టారు. మళ్ళీ ఎప్పుడో రాస్తారు. మళ్ళీ వెళ్ళాలి.

డిసెంబర్ 9, మంగళవారం

ఏడింటికి జాడీ పెట్టేసరికి దేముడమ్మ వచ్చి పక్కన పీట వేసుకుంది. డ్యూటీ ఎనిమిదింటికి.

"ఏటి సూత్తన్నావు మావా?"

నోటి దాకా పాత మాటే వచ్చింది. మింగేశాను. చెప్పడం మొదలుపెట్టాను. ఇవి ఏం తింటాయో, ఎలా ఒకదానికొకటి అంటుకుని ముద్దలవుతాయో, ముద్దయినవే ఎందుకు దిగుతాయో, విడివిడిగా ఉన్నవి నీళ్ళతో కొట్టుకుపోయి గెడ్డలో ఎందుకు చస్తాయో. కొన్ని పురుగులకి తోకలుంటాయని, నీలిమ గారి భూతద్దంలో ఒకసారి చూశానని. మడ్డికి మరీ వయసొస్తే నల్లబడి పైకి తేలుతుందని. స్టీల్ ప్లాంటులో నాకు మొదటిసారి గాలిపంపు విప్పి చూపించిన ముసలాయన గురించి కూడా ఎందుకో చెప్పాను. ఆమె మధ్యలో అడుగుతూనే ఉంది. అయితే ఉపాసం ఉంటే సత్తాయేటి? పండగరోజుల్లో నూనె ఎక్కువైతే? ఆటికి మన మాటలు ఇనపడతాయేటి?

గొంతు బొంగురుపోయింది. చూసుకునేసరికి అరగంట దాటిపోయి ఉంది. రీడింగు చూడడం నేను మరిచిపోయాను.

దేముడమ్మ చూసింది. రెండు వందల ఎనభై.